ఫిజీలో కొన్ని రోజులు: పద్దెనిమిది దేశాల ఉమ్మడి కాపురం

శుక్రవారం, నాందీ

నాందీ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ క్యూ పక్కనే పూల చొక్కాలు వేసుకున్న బృందం ఒకటి ఉకులేలే వాయిస్తూ పాడుతుంటుంది. తెల్లవారుజామున దిగినా పాట తప్పదు. నాకు ముందు నిలబడ్డ ఆవిడది కిరిబాటి పాస్‌పోర్టు, ఆమె వెనకాల కుర్రాడిది నౌరు. ఇద్దరూ బీచ్ చూడ్డానికి రాలేదు. ఆవిడ కొడుక్కి ఆపరేషన్ ఉందట, ఇక్కడే చేయించాలట. కుర్రాడు సెలవులయ్యాక సువాలో కాలేజీకి వెళ్తున్నాడు. వాళ్ల దేశాల్లో దొరకనిదేదైనా కావాలంటే ముందు ఫిజీకే విమానం ఎక్కాలి.

నేను వచ్చిన పనీ కొంత అదే, అంటే వీళ్ల సంగతేమిటో చూద్దామని. 2025 ఆగస్టు. వచ్చే నెల సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో, ఈ ప్రాంతంలోని పద్దెనిమిది సభ్యుల కూటమి పసిఫిక్ ఐలాండ్స్ ఫోరం వార్షిక సమావేశం ఉంది. ఈసారి అమెరికా, చైనా లాంటి బయటి దేశాలు వేటినీ పిలవడం లేదని అప్పుడే ప్రకటించారు. మా బావమరిది సువాలో యూనివర్సిటీలో పాఠాలు చెప్తాడు. "బావా, ఇలాంటప్పుడే రావాలి. ఇక్కడ అందరూ ఇదే మాట్లాడుకుంటున్నారు" అని ఫోన్ చేశాడు.

సాయంత్రం శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి గుడికి వెళ్లాను. మెయిన్ రోడ్డు చివర రంగురంగుల గోపురం. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా, ఓడల్లో ఈ దీవులకు వచ్చిన భారతీయులు 60 వేలకు పైనే. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అలా వచ్చిన సుమారు 15 వేల మంది దక్షిణాది వాళ్లలో విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టిన 'సంగం' అనే సంస్థ 1926లో ఈ నాందీలోనే పుట్టింది. వచ్చే ఏడాదికి నూరేళ్లు.

శనివారం, క్వీన్స్ రోడ్డు

నాందీ నుంచి సువాకి ఎక్స్‌ప్రెస్ బస్సులో నాలుగు గంటలు. చెరుకు తోటలు, సింగతోకా నది, ఆ తర్వాత రిసార్టులు, నవూవా దాటగానే వాన. సువాలో వాన పడని రోజంటే విశేషమే. బస్సు ఆగిన చోట ఒక ముసలావిడ ఆలుగడ్డ కూర పెట్టి చుట్టిన రొట్టెలు అమ్ముతోంది. రెండు తిన్నాను, మూడోది దారికి కట్టించుకున్నాను. ఇంతకు మించి ఈ రోజు గురించి చెప్పడానికేమీ లేదు.

ఆదివారం, సువా

ఆదివారం సువాలో షాపులన్నీ మూసేస్తారు. జనమంతా చర్చిలో ఉంటారు, లేదంటే భోజనాల దగ్గర. మా బావమరిది తన కొలీగ్ ఒకాయన్ని భోజనానికి పిలిచాడు. ఆయనది సోలమన్ దీవులు, గ్వాదల్‌కెనాల్. మా చెల్లెమ్మ వండిన చేపల పులుసు రెండోసారి వడ్డించుకుని కబుర్లలో పడ్డాడు.

ఈ ప్రాంత రాజకీయం అర్థం కావాలంటే 2000 సంవత్సరం నుంచి మొదలుపెట్టాలన్నాడు. ఆ ఏడాది మే నెలలో ఫిజీలో కుట్రదారులు పార్లమెంటులోకి చొరబడి ప్రధానిని బందీగా పట్టుకున్నారు. జూన్‌లో సోలమన్ దీవుల్లో సాయుధ ముఠాలు అక్కడి ప్రధానిని పట్టుకున్నాయి. అప్పటిదాకా ఫోరంలో ఒకరి ఇంటి గొడవ ఇంకొకరు మాట్లాడకపోవడం మర్యాద. వరసగా రెండు ప్రభుత్వాలు కూలేసరికి ఆ మర్యాద పక్కన పెట్టక తప్పలేదు. అక్టోబరులో కిరిబాటిలోని బికెతావా అనే చిన్న దీవిలో నాయకులు కూర్చుని, సభ్య దేశంలో సంక్షోభం వస్తే అందరూ కలిసి దిగొచ్చని రాసుకున్నారు. సాయం కావాలని సోలమన్ ప్రభుత్వం అడిగాక, 2003 జులైలో ఆ కాగితం ఆధారంగానే ఆస్ట్రేలియా నాయకత్వంలో పోలీసులు, సైనికులు, ఆడిటర్లు హోనియారాలో దిగారు. దానికి రామ్సీ అని పేరు. 2017 జూన్ దాకా ఉంది.

"నాకప్పుడు తొమ్మిదేళ్లు," అన్నాడాయన. "తుపాకులు పోగేసి కాల్చేశారు. మేం చూడ్డానికి పరుగెత్తాం. నాకు బాగా గుర్తున్నది మాత్రం మా వీధి మలుపులో నిలబడిన తోంగా పోలీసు. మా అమ్మ వాడికి రోజూ ఉడికించిన చిలగడదుంప పంపేది."

ఆయన లెక్కలో రామ్సీ విజయానికి కారణం ఆ తోంగా పోలీసే. ఆస్ట్రేలియా ఒక్కటే వచ్చి ఉంటే ఆక్రమణ అనేవాళ్లు. చుట్టుపక్కల దీవుల వాళ్లంతా మనిషికి కొంత చొప్పున చేయి వేశారు కాబట్టి ఊరుకున్నారు. ఇది నాకు సబబుగానే తోచింది. కానీ ఖర్చులో సింహభాగం పెట్టింది ఆస్ట్రేలియాయే, ఆ సంగతి కూడా ఎవరూ మరిచిపోలేదు. 2021 నవంబరులో హోనియారాలో మళ్లీ అల్లర్లు జరిగాయి. మళ్లీ ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ, ఫిజీ, న్యూజీలాండ్ బలగాలు వెళ్లాయి. ఆర్నెల్లు తిరక్కుండా, 2022 ఏప్రిల్‌లో, సోలమన్ ప్రభుత్వం చైనాతో భద్రతా ఒప్పందం కుదుర్చుకుంది. ఆ మే నెలాఖరున చైనా విదేశాంగ మంత్రి సువాకి వచ్చి పది దేశాలతో ఒకే మూకుమ్మడి ఒప్పందం ప్రతిపాదించాడు. అది కుదరలేదు. ఇంత హడావిడిగా సంతకాలేంటి, ముందు మాలో మేం మాట్లాడుకోవాలి కదా అన్నది చాలామంది అభ్యంతరం.

"అప్పట్నుంచి మాకు చుట్టాలు పెరిగారు," అని నవ్వాడు సోలమన్ ఆయన. "ప్రతి వాడూ పోలీసు జీపులు ఇస్తానంటాడు."

సోమవారం, లౌథాలా

సువాలోని యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ లౌథాలా క్యాంపస్ ఒకప్పుడు న్యూజీలాండ్ వైమానిక దళం వారి సముద్ర విమానాల స్థావరం. 1968లో యూనివర్సిటీ అయింది. దీనికి యజమానులు పన్నెండు: ఫిజీ, సమోవా, తోంగా, వనువాటు, సోలమన్, కిరిబాటి, తువాలు, నౌరు, మార్షల్ దీవులు, కుక్ దీవులు, నియూవే, తొకెలావు. పదకొండు వేల జనాభా ఉన్న తువాలు సొంతంగా యూనివర్సిటీ కట్టలేదు. తలా కాస్త వేసి ఒకటి కట్టుకున్నారు. క్యాంటీన్‌లో కూర్చుంటే ఒక్క బల్ల దగ్గర నాలుగు దేశాల వాళ్లు కనిపిస్తారు, ఒకే ప్లేటులోని కసావా (కర్రపెండలం) వేపుడు తింటూ.

ఉమ్మడి కాపురం కాబట్టి రచ్చ కూడా గట్టిగానే ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో ఫిజీ ప్రభుత్వం అర్ధరాత్రి వైస్ చాన్సలర్ ఇంటికి మనుషుల్ని పంపి, భార్యతో సహా ఆయన్ని దేశం నుంచి పంపించేసింది. యూనివర్సిటీలో పాత అక్రమాలను ఆయన బయటపెట్టాక మొదలైన గొడవ అది. ఫిజీ తన వాటా సొమ్ము కూడా ఆపేసింది. ఇంకో దేశంలో అయితే ఆ వైస్ చాన్సలర్ కథ అంతటితో ముగిసేది. ఇక్కడ మిగతా యజమానులు ఒప్పుకోలేదు. నౌరు తన దీవిలో ఆయనకు చోటిచ్చింది, తర్వాత సమోవా ఇచ్చింది. యూనివర్సిటీ ఫిజీలో, అధిపతి బయట! 2022 చివర్లో ఫిజీలో ప్రభుత్వం మారాక ఆయన్ని తిరిగి రానిచ్చారు, సొమ్ము కట్టడం మొదలుపెట్టారు. మా బావమరిది ఆ రెండేళ్ల జీతాల టెన్షన్ గురించి ఇప్పటికీ గంటసేపు చెప్పగలడు.

ఈ నెల క్యాంపస్‌లో ఉత్సాహం మాత్రం ఇంకో విషయంలో. 2019లో ఇదే యూనివర్సిటీకి వనువాటులో ఉన్న లా క్యాంపస్‌లో 27 మంది విద్యార్థులు, వాతావరణ మార్పును అంతర్జాతీయ న్యాయస్థానం దాకా తీసుకెళ్లాలని క్లాసులో అనుకున్నారు. తమ తమ ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం పట్టించుకుంది, 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో తీర్మానం చేయించింది. మొన్న జులై 23న హేగ్‌లోని ఆ న్యాయస్థానం నుంచి అభిప్రాయం వచ్చింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని ఉల్లంఘిస్తే అది అంతర్జాతీయ తప్పిదం. న్యాయమూర్తులందరిదీ ఒకే మాట. లైబ్రరీ బయట నోటీసు బోర్డుకి ఆ వార్త అంటించి ఉంది, వానకి మూలలు ముడుచుకుపోయాయి. ఆ కాగితం ముందు సెల్ఫీ తీసుకుంటున్న అమ్మాయిల గుంపును చూస్తే చదువు అంటే ఇదిరా అనిపించింది, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం తువాలు కుర్రాడొకడితో మాట్లాడాను. వాళ్ల నాన్న చేపల ఓడల మీద వేటను గమనించే అబ్జర్వరు. ట్యూనా బేరం వాడు చెప్పినంత బాగా నాకెవరూ చెప్పలేదు. తువాలు, కిరిబాటి, నౌరు, మార్షల్ దీవులు, మైక్రోనేషియా, పలావు, పాపువా న్యూగినీ, సోలమన్ ఈ ఎనిమిదీ 1982లో నౌరు ఒప్పందంతో ఒకటయ్యాయి. ట్యూనా వలస చేప. ఒక దేశం ఫీజు పెంచితే ఓడలు పక్క దేశం నీళ్లలోకి పోయేవి. 2007 నుంచి ఎనిమిదీ కలిసి మొత్తానికి ఏడాదికి ఇన్ని వేట దినాలే అని పరిమితి పెట్టి, రోజుల్ని పంచుకుని, ఓడలకు రోజు లెక్కన అమ్మడం మొదలుపెట్టాయి. కనీస ధర ఓడకు రోజుకి 8 వేల అమెరికన్ డాలర్లు. 2010లో ఎనిమిది దేశాలకూ కలిపి 6 కోట్ల డాలర్లు వచ్చేది, తర్వాత దాదాపు 50 కోట్లకు చేరింది. వాడి స్కాలర్‌షిప్పు కూడా ఆ డబ్బులోదేనన్నాడు.

"మరి నువ్వు ఫలెపిలి వీసాకి పెట్టావా?" అని అడిగాను. పెట్టాడు. ఆస్ట్రేలియా, తువాలు 2023 నవంబరులో చేసుకున్న ఒప్పందం అది. ఏడాదికి 280 మంది తువాలు వాళ్లు ఆస్ట్రేలియాలో స్థిరపడొచ్చు. బదులుగా తువాలు ఇంకే దేశంతో భద్రతా ఏర్పాటు చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా ఒప్పుకోవాలి. ఈ జూన్‌లో మొదటి లాటరీ తెరిస్తే కొన్ని రోజుల్లోనే దేశంలో మూడో వంతు మంది పేర్లు చేరాయి. వాళ్ల ఇంట్లో అమ్మ పెట్టింది, తాత పెట్టనన్నాడు. సముద్రం మింగేస్తున్న దేశానికి తలుపు తెరవడం మంచిదే. ఆ తలుపు కోసం సొంత విదేశాంగ విధానంలో తాళం చెవి అప్పగించాల్సి రావడం నాకు మాత్రం మింగుడు పడలేదు. ఎనిమిది దేశాలు కలిసి చేపకి ధర పెంచగలిగాయి, ఒంటరిగా బేరానికి కూర్చుంటే ఇచ్చుకోవలసింది ఎక్కువే.

మంగళవారం, సువా మార్కెట్

ఫోరం కార్యాలయం రాతూ సుకునా రోడ్డులో ఉంది. ముందుగా అనుమతి తీసుకోనందుకు లోపలికి పోలేదు, అక్కడ పనిచేసే ఒకాయన బయటికి వచ్చి టీ ఇప్పించాడు. ఫోరంలో సభ్యులు 18. 1971లో వెల్లింగ్టన్‌లో ఏడు దేశాలతో మొదలైంది, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ అప్పట్నుంచీ ఉన్నాయి. 1985లో అణ్వస్త్ర రహిత ప్రాంతంగా ప్రకటించుకున్న రారోటోంగా ఒప్పందం ఈ వేదిక మీదే పుట్టింది, అప్పటికి ఫ్రాన్సు ఇంకా పసిఫిక్‌లోని మురురోవా దీవిలో అణు బాంబులు పేల్చి చూసుకుంటోంది. 2018లో నౌరులో బోయే ప్రకటన చేశారు. వాతావరణ మార్పు ఈ ప్రాంత ప్రజల బతుకు, భద్రత, శ్రేయస్సులకు అన్నిటికన్నా పెద్ద ముప్పు అని అందులో రాశారు. ఆస్ట్రేలియా కూడా సంతకం పెట్టింది, బొగ్గు ఎగుమతులు మానలేదు.

నన్ను బాగా నవ్వించిన సంగతి ఇంకోటి. 2006లో సైనిక కుట్ర, ఆ తర్వాత ఎన్నికలు పెట్టనందుకు 2009లో ఫిజీని ఫోరం సస్పెండ్ చేసింది. కార్యాలయం మాత్రం సువాలోనే ఉండిపోయింది. ఇంటి యజమానిని పంక్తిలోంచి లేపేసి అతని ఇంట్లోనే భోజనాలు సాగించడమన్నమాట. 2014 ఎన్నికలయ్యాక మళ్లీ చేర్చుకున్నారు. 2021లో సెక్రటరీ జనరల్ పదవి తమకు దక్కలేదని మైక్రోనేషియా దేశాలు అలిగి వెళ్లిపోతామన్నాయి. మరుసటి ఏడాది సువాలో బుజ్జగించారు, అయినా కిరిబాటి కొన్నాళ్లు బయటికి పోయే వచ్చింది. సువా మీద మిగతా దీవులకున్న గుర్రు నిజమే. యూనివర్సిటీ ఇక్కడే, ఆఫీసులు ఇక్కడే, వాటి జీతాలతో నడిచే అద్దె ఇళ్లు, టాక్సీలు ఇక్కడివే.

అక్కడి నుంచి మార్కెట్‌కి. దాలో, అంటే చేమ దుంపలు, ఆకుల కాడలతో కట్టలు కట్టి పరిచారు. కసావా కుప్పలు, రొయ్యలు, పై అంతస్తులో, నీళ్లలో కలుపుకుని తాగే కవా వేర్ల కట్టలు. ఎల్లుండి పల్లెకి పోతున్నాను కాబట్టి ఒక కవా కట్ట కొన్నాను. అమ్మే ఆవిడ ఇటౌకెయి, అంటే మూలవాసి స్త్రీ. న్యూస్‌పేపర్‌లో చుట్టి రిబ్బను కట్టి ఇచ్చింది. ఊళ్లో పరిస్థితి ఎలా ఉందంటే, దొంగతనాలూ కుట్రలూ కావు, 'ఐస్' అంది. మెథాంఫెటమైన్. లాటిన్ అమెరికా, ఆసియాల నుంచి ఆస్ట్రేలియాకి పోయే మత్తు దారిలో ఈ దీవులు మజిలీ అయ్యాయి. 2024 జనవరిలో నాందీ ప్రాంతంలో పట్టుబడిన సరుకే 4 టన్నులకు పైన. మజిలీలో కొంత జారిపోతుంది కదా, అది ఊరి కుర్రాళ్లకు చేరింది. సూదులు పంచుకోవడం వల్ల హెచ్‌ఐవీ ప్రబలి, 2025 జనవరిలో ప్రభుత్వం అధికారికంగా వ్యాప్తి ప్రకటించాల్సి వచ్చింది.

"మా అక్క కొడుకు," అని మాత్రం అంది. ఇంకేం అడగలేదు నేను.

ఓడల మీద నిఘాకి పెద్ద దేశాలు గస్తీ పడవలు ఇస్తాయి, ఫొటోలు దిగుతాయి. సూదుల పంపిణీకి, కౌన్సెలింగ్‌కి, డయాబెటిస్‌తో కాళ్లు పోయిన వాళ్ల వీల్‌చైర్లకి అంత ఉత్సాహం నాకు కనబడలేదు. దీర్ఘకాలిక జబ్బులు ఈ ప్రాంతానికి సంక్షోభమని ఫోరం నాయకులు 2011లోనే అన్నారు. మార్కెట్ ఎదురుగా సూపర్ మార్కెట్లో మాత్రం నూడుల్స్ ప్యాకెట్, దాలో కట్టకన్నా చవక.

బుధవారం, లంబాసా

సువా దగ్గరి నౌసోరి విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వనువా లేవు దీవికి. లంబాసాలో చెరుకు సీజను, లారీలు మిల్లు బయట బారులు తీరాయి. ఊరంతా బెల్లం పాకం వాసన. ఈ మిల్లు 1894 నాటిది.

మా బావమరిది ఇచ్చిన నంబరు పట్టుకుని ఒక తెలుగు వాళ్ల ఇంటికి వెళ్లాను. పెద్దాయనకి ఎనభై దాటాయి. మాటలన్నీ ఫిజీ హిందీలోనే, మధ్యలో అత్తమ్మ, బువ్వ, చింతపండు. "మా ఆజా (తాత) విశాఖపట్నం నుంచి వచ్చాడు బాబూ" అన్నాడు. 1940ల్లో తెలుగు వాళ్లు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్న రోజుల్లో తండ్రి దాని మీటింగులకి ఎడ్లబండి కట్టుకుని పోయేవాడట.

మనవరాలు ఇక్కడి సంగం నర్సింగ్ కాలేజీలో చదివింది. రెండేళ్లు లంబాసా ఆస్పత్రిలో చేసి ఆక్లాండ్ వెళ్లిపోయింది. ఆమె బ్యాచ్‌మేటు ఒకమ్మాయి మార్షల్ దీవుల్లో, మజురో ఆస్పత్రిలో ఉంది. ఫిజీ నర్సులు చిన్న దీవులకు పోతారు, ఇంకా ఎక్కువ మంది న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలకు పోతారు. ఫిజీ వార్డుల్లో ఖాళీలు మిగులుతాయి. పెద్దాయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్. "మిషన్ ఉందా తాతగారూ?" అన్నాను. "మిషన్ ఉంది. పిల్ల లేదు" అన్నాడు.

ఆయనకి 1987 బాగా గుర్తు. రంబూకా అనే సైనికాధికారి కుట్ర చేసి భారతీయుల ఆధిక్యం ఉన్న ప్రభుత్వాన్ని దించాడు, వేల కుటుంబాలు దేశం వదిలిపోయాయి, ఈయన తమ్ముళ్లూ పోయారు. ఆ రంబూకాయే ఇప్పుడు ప్రధాని. 2023 మే నెలలో గిర్మిట్ దినం సందర్భంగా క్షమాపణ చెప్పాడు. పసిఫిక్‌ని 'శాంతి సముద్రం'గా ప్రకటించాలని ఊరూరా చెప్తున్నదీ ఆయనే. నమ్ముతారా అని అడిగాను. పెద్దాయన టీ కప్పు కింద పెట్టి, "ముసలివాడయ్యాడు, నేనూ అయ్యాను" అన్నాడు.

గురువారం, సావుసావు, నతేవా తీరం

లంబాసా నుంచి కొండల మీదుగా సావుసావు, అక్కడి నుంచి అద్దె కారులో వునిందొంగొలొవా. పల్లెలోకి అడుగుపెడితే టోపీ తీయాలి, ఊరి పెద్దకి కవా వేర్లు ఇచ్చి అనుమతి అడగాలి. మొన్న సువాలో కొన్న కట్ట చాప మీద పెట్టాను. ఆయన దాన్ని చేత్తో తాకి ఏదో గొణిగినట్టు చదివాడు, చుట్టూ వాళ్లు గుల్లగా చప్పట్లు కొట్టారు. కొబ్బరి చిప్పలో మట్టినీళ్ల రంగు కవా. తాగే ముందు ఒక చప్పట్టు, తాగాక మూడు. నాలుక మొద్దుబారింది.

సముద్రం పొంగి ఇళ్లలోకి వస్తుంటే ఈ ఊరివాళ్లు 2006లో ప్రభుత్వాన్ని అడిగారు. 2014లో మొత్తం ఊరు సుమారు 2 కిలోమీటర్లు లోపలికి కదిలింది. వాతావరణం వల్ల ఇలా ఊరికి ఊరే తరలిపోవడం ఫిజీలో ఇదే మొదటిది. ముప్పై ఇళ్లు, ఒకే తీరువి. కలప ఊరివాళ్లే ఇచ్చారు. కొత్త చోటుకి బైబిల్లోని కనాను దేశం పేరు పెట్టుకున్నారు. ఒకావిడ తన ఇల్లు చూపిస్తూ, మొదట్లో వంటిల్లు కట్టలేదని చెప్పింది. "ప్లాను గీసిన వాళ్లు అన్నం తినరేమో" అంది. తర్వాత వెనకాల రేకుల పాక వేసుకున్నారు, అందులో పొయ్యి మండుతోంది. పాత ఊరికి నడిచి వెళ్లాం. పునాది దిమ్మెలు, వాటి మధ్య పీతలు.

తిరుగుదారిలో డ్రైవరు నతొవావతు ఎస్టేటు వైపు చూపించాడు. 2014లో కిరిబాటి ప్రభుత్వం ఆంగ్లికన్ చర్చి దగ్గర కొన్న భూమి, ఐదు వేల ఎకరాలకు పైన. దేశం మునిగితే జనానికి చోటు ఉండాలని అప్పటి అధ్యక్షుడు అనోటే తోంగ్ కొన్నాడు. అవసరమైతే కిరిబాటి వాళ్లకు ఆశ్రయమిస్తామని ఫిజీ అధ్యక్షుడు మాట కూడా ఇచ్చాడు. తర్వాతి ప్రభుత్వం అక్కడ పంటలు పండిద్దామంది. ఈలోగా ఆ భూమి మీద ముందు నుంచీ ఉంటున్న పల్లె ఒకటుంది, నవియావియా. 19వ శతాబ్దంలో తోటల్లో పనికి సోలమన్ దీవుల నుంచి తెచ్చిన కూలీల సంతతి. మా వాళ్ల గిర్మిట్ లాంటిదే, ఇంకా మొరటుది. ఒక దేశం రేపటి కోసం కొన్న నేల ఇంకొకరికి నిన్నటి ఇల్లు. వనువా లేవు తూర్పు కొస అవతల సముద్రంలో రంబీ దీవి ఉంది. ఫాస్ఫేట్ గనులకు ఊరు పోగొట్టుకున్న బనాబా దీవి వాళ్లని 1945 డిసెంబరులో తెచ్చి దింపింది అక్కడే. ఆ దీవిని కొన్నది కూడా వాళ్ల సొంత ఫాస్ఫేట్ రాయల్టీ సొమ్ముతోనే.

శుక్రవారం, మళ్లీ సువా

ఆ రాత్రి మా బావమరిదితో వాదన పెట్టుకున్నాను. ఇన్ని ప్రకటనలు, ఇన్ని ఆఫీసులు, నర్సు మాత్రం లేదు కదా అన్నాను. "ఆఫీసులు లేకపోతే ఆ చేపకి రేటు వచ్చేదా బావా?" అన్నాడు. ఇద్దరం సగం సగం గెలిచాం.

ఇది రాసే నాటికి హోనియారా సమావేశం అయిపోయింది. శాంతి సముద్రం ప్రకటన ఆమోదించారు. బయటి దేశాలతో ఎలా మెలగాలో కొత్త పద్ధతి ఒకటి ఖాయం చేసుకున్నారు, వచ్చే ఏడాది నుంచి వాళ్లు మళ్లీ రావచ్చు. వచ్చే ఏడాది సమావేశం పలావులో. 2024 జనవరిలో నౌరు చైనా వైపు తిరిగాక, పసిఫిక్‌లో తైవాన్‌తో దౌత్య సంబంధాలున్న దేశాలు మూడే మిగిలాయి, పలావు అందులో ఒకటి. తైవాన్ వాళ్లకి ఏ వరసలో కుర్చీ వేస్తారో ఇప్పటినుంచే పందేలు కడుతున్నారని మా బావమరిది మెసేజ్ పెట్టాడు.